ఏడున్నర రింగు

ఇరవై మూడేళ్లలో గడియారాలాయన తన మాత్ర ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పించలేదు. తప్పించడం మాట అటుంచండి, ఉదయం ఏడున్నరకి వేసుకోవాల్సింది ఏడూ ముప్పై ఒకటికి వేసుకున్న రోజు కూడా లేదు. ఆయన గొంతులో నీళ్లు దిగిన చప్పుడు విని ఎదురింటివాళ్లు తమ గోడ గడియారం సరిచేసుకునేవారు. ఆ వీధి మలుపులో ఆగే బస్సు కూడా ఆయన గ్లాసు కింద పెట్టాకే కదిలేది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేలినా నా మీసం తీయించుకుంటాను.

ఆయన పేరుతో మనకి పనిలేదు. నలభై ఏళ్లు చేతి గడియారాలూ గోడ గడియారాలూ బాగుచేసి, చూపు మసకబారాక కొట్టు మూసేసిన మనిషి కాబట్టి అందరికీ గడియారాలాయనే. కుడికంటికి భూతద్దం బిగించుకుని బిగించుకుని ఆ కన్ను కాస్త చిన్నదైపోయింది. ఎప్పుడు చూసినా ఎవరికో కన్ను కొడుతున్నట్టే ఉంటాడు. దానివల్ల ఒకట్రెండు చోట్ల తన్నులు తినబోయి తప్పించుకున్నాడు కూడా. పెళ్లి చేసుకోలేదు. నాలుగేళ్లుగా చెల్లెలి ఇంట్లో, ముందుగదిలో ఉంటున్నాడు. చెల్లెలు పోస్టాఫీసు కౌంటరులో ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరైన మనిషి. భర్త పోయాక, "నువ్వూ ఒక్కడివే, నేనూ ఒక్కదాన్నే, రెండు పొయ్యిలెందుకు, వచ్చేయ్" అని ఆవిడే వచ్చి, ఆయన పెట్టె ఆవిడే మోసుకుని తీసుకొచ్చింది.

ఇక మాత్ర సంగతి. గడియారాలాయన ఒంట్లో హెచ్ఐవి ఉంది. నలభై ఏడో ఏట బయటపడింది. ఎలా వచ్చిందన్నది ఆయన ఎవరికీ చెప్పలేదు, మనమూ అడగొద్దు. అప్పటి డాక్టరు కాగితం మీంచి కళ్లెత్తకుండానే, "మహా అయితే రెండేళ్లు" అన్నాడు. ఆ మాట నమ్మి ఈయన పనిముట్లన్నీ అమ్మేశాడు. రెండేళ్లు పోయాయి గానీ ఈయన పోలేదు. సిగ్గుపడుతూ వెళ్లి మళ్లీ పనిముట్లు కొనుక్కున్నాడు. ఇంకో తొమ్మిదేళ్లకి ఆ డాక్టరే ఆగిపోయిన వాచీ పట్టుకుని కొట్టుకొచ్చాడు. ఈయన్ని గుర్తుపట్టలేదు. గడియారాలాయన మూత విప్పి, భూతద్దం పెట్టి, తీరిగ్గా అంతా చూసి, కళ్లెత్తకుండానే, "మహా అయితే రెండేళ్లు నడుస్తుందండీ" అన్నాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, ఆ మధ్యలో నవ్వలేని రోజులు చాలా గడిచాయి. జబ్బు తెలిసినప్పుడు ఆయన అన్నగారింట్లో ఉండేవాడు. తెలిసిన మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆయన గ్లాసు వంటింట్లో లేదు. కిటికీ గట్టు మీద ఉంది, దాని పక్కనే ఆయన కంచం. ఎవరూ ఒక్క మాట అనలేదు. వదిన తలుపు చాటునుంచే వడ్డించింది, పిల్లలు ఆయన గదివైపు రావడం మానేశారు. నెల తిరక్కుండా ఆయన కొట్టు వెనకున్న గదిలోకి మారిపోయాడు. అప్పటికి చెల్లెలు ఉద్యోగం మీద ఇంకో ఊళ్లో ఉంది. ఆమెకి అన్నగారు, "తమ్ముడు గొడవపడి వెళ్లిపోయాడు" అని మాత్రం రాశాడు. తర్వాత అన్నగారూ పోయాడు, వదినా పోయింది. కిటికీ గట్టు మాత్రం గడియారాలాయన తలలోంచి పోలేదు.

అందుకని చెల్లెలి ఇంటికొచ్చిన మొదటిరోజే ఆయన తన కంచమూ గ్లాసూ వంటింటి అలమార కింది అరలో ఓ మూలన పెట్టుకున్నాడు. తన ఎంగిలి తనే కడుక్కునేవాడు, చెల్లెలు తీయబోతే లాక్కునేవాడు. ఒకరు పక్కన పెట్టకముందే తనే పక్కన పెట్టుకుంటే గుండెకి అంత దెబ్బ తగలదని ఆయన లెక్క. ఆ ఇంట్లో పొద్దున్నా సాయంత్రం ఒకే బల్ల దగ్గర చెల్లెలికి ఎదురుగా కూర్చుని తినే ఆ కుర్చీ ఆయనకి ఏడో పడిలో దొరికిన ఆస్తి. అది పోకుండా ఉంటే చాలు. ఇంక దేనికోసమూ ఆయన దిగులుపడటం మానేశాడు.

మాత్రల సీసా ఎక్కడ దాస్తాడంటే, గడియారంలో. ముందుగది గోడకి మూరెడు పొడుగు చెక్క గడియారం ఒకటుంది. దాని కింది తలుపు అద్దం నిండా పూలూ తీగలూ వేసుంటాయి, లోపలేముందో బయటికి కనిపించదు. లోలకం ఊడదీసి, అది ఊగాల్సిన చోట సీసా పెట్టాడు. ఆ గడియారంలో నాలుగేళ్లుగా పదీ పది అయింది.

"లోకంలో అందరి గడియారాలూ బాగుచేశావు, నీ నెత్తి మీద గడియారానికి మాత్రం దిక్కు లేదు" అనేది చెల్లెలు రోజూ.

"దానికి చక్రం అరిగింది. ఆ చక్రం ఇప్పుడు దొరకదు."

"నాలుగేళ్లనుంచీ అదే చక్రం."

"అరిగిన చక్రం కొత్తగా అరగదు గదమ్మా."

మరి బయట ఈయన మాత్ర గురించి తెలిసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ ముందు ఓ పొడుగు బల్ల ఉంది. నెలనెలా దానిమీద కూర్చుని కూర్చుని ఆరుగురు ముసలివాళ్లు ఒకరికొకరు అలవాటైపోయారు. బల్ల మీద రెండే కట్టుబాట్లు: ఎలా వచ్చిందని అడక్కూడదు, పక్కనున్నవాళ్ల మోకాళ్ల నొప్పుల గురించి ఎంతసేపు చెప్పినా వినాలి. మొదట ఏడుగురు ఉండేవారు. పదకొండేళ్ల కిందట ఆ ఏడో ఆయన ఓ నెల రాలేదు. మరో నెలా రాలేదు. ఆయన ఇల్లెక్కడో, ఫోను నంబరేమిటో ఎవరికీ తెలియదు. చివరికి నర్సమ్మ చెప్పింది, ఒంటరిగా ఇంట్లో పడిపోయాడనీ నాలుగు రోజులదాకా ఎవరూ చూడలేదనీ.

ఆ రోజు బల్ల మీదున్న టీచరమ్మ, రిటైరై పుష్కరం దాటినా గొంతులో బెత్తం పోని మనిషి, అందరి నంబర్లూ ఇళ్ల అడ్రసులూ రాయించుకుని రింగు పద్ధతి పెట్టింది. పొద్దున్న ఏడున్నరకి మాత్ర వేసుకోగానే గడియారాలాయన డ్రైవరుకి రింగివ్వాలి. డ్రైవరు తన మాత్ర వేసుకుని టీచరమ్మకి. అలా ఒకరినుంచి ఒకరికి పోయి, ఆరో మనిషి తిరిగి గడియారాలాయనకి. రెండు మోతలు మోగించి పెట్టేయాలి. అవతలివాళ్లు ఎత్తకూడదు. మాత్ర మింగకుండా రింగిస్తే అది దొంగ రింగు, బల్లకి ద్రోహం. రింగు రాకపోతే తిరిగి రింగివ్వాలి. ఎవరైనా ఎత్తారంటే మాత్రం ఏదో జరిగిందని లెక్క. పదకొండేళ్లలో ఎవరూ ఎత్తలేదు.

ఇక అసలు పొద్దు. గడియారాలాయనకి డెబ్బై నిండిన రోజు అది. ఏడింటికి స్నానానికి వెళ్లాడు. ఏడూ ఇరవైకి తువ్వాలు భుజాన వేసుకుని ముందుగదిలోకి వచ్చి చూస్తే గోడ మీద గడియారం లేదు. అది ఉన్న చోట సున్నం తెల్లగా, పలకలా కనిపిస్తోంది.

"గడియారమేది?"

"కాళ్లొచ్చాయి, వెళ్లిపోయింది" అంది చెల్లెలు, వంటింట్లోంచే.

"వేళాకోళం కాదు చెల్లెమ్మా. ఎక్కడికెళ్లింది?"

"పదకొండింటికి తెలుస్తుంది. అప్పటిదాకా కూర్చుని కాఫీ తాగు. డెబ్బై ఏళ్లొచ్చాయి గానీ ఓపిక రాలేదు నీకు."

"ఎవరికిచ్చావో చెప్పు చాలు. నేను వెళ్లి..."

"పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు చేశాను. ఒకరి ఉత్తరం సంగతి ఇంకొకరికి చెప్పే అలవాటు లేదు."

ఆవిడకి లోలోపల సంబరంగా ఉంది. అన్నయ్య పుట్టినరోజుకి ఆ గడియారం బాగుచేయించి, గంట కొట్టించి, ఆయన నోరు మూయించాలని నెల రోజులుగా పన్నిన పన్నాగం అది. ఆయనకేమో భయం పట్టుకుంది. సీసా లేనందుకు కాదు. మాత్ర కొంచెం ఆలస్యమైనా ఆ రోజులోపు వేసుకుంటే పర్లేదని నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు ఆ కింది తలుపు ఎవరు తెరుస్తారు? తెరిచినవాళ్లు ఎవరికి చెబుతారు? కిటికీ గట్టు కళ్లముందు ఆడింది.

ఏడున్నర అయింది. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, డ్రైవరు నంబరు దాకా వెళ్లి, ఆగిపోయాడు. మాత్ర వేసుకోలేదు, రింగివ్వకూడదు. పోనీ మాట్లాడి విషయం చెబుదామంటే చెల్లెలు మూడడుగుల దూరంలో పచార్లు చేస్తోంది. గాలి ఆడక గేటుదాకా నడిచాడు. అక్కడనుంచి మాట్లాడొచ్చన్న తెలివి గేటు దగ్గరికి వెళ్లాక వచ్చింది. ఫోను కాఫీ గ్లాసు పక్కనే ఉండిపోయింది.

సరిగ్గా ఏడూ నలభైకి అది మోగింది. పరిగెత్తాడు. డెబ్బై ఏళ్ల మోకాళ్లు ఎంత పరిగెడతాయో అంతే పరిగెత్తాడు. గుమ్మంలోకి వచ్చేసరికి చెల్లెలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "హలో... హలో... ఎవరండీ? మా అన్నయ్యా? ఆయన లేరండీ..." అంటోంది.

"ఎవరో పెట్టేశారు" అంది ఆయనకేసి తిరిగి. "ఏదో పెద్దగా శ్వాస పీల్చినట్టు వినిపించింది."

లేరండీ అంటే గేటు దగ్గరున్నాడని ఆవిడ అర్థం. డ్రైవరుకి అర్థమైంది వేరు. ఇందులో డ్రైవరు తప్పేమీ లేదు. పదకొండేళ్లుగా ఎవరూ ఎత్తని ఫోను ఓ ఆడగొంతు ఎత్తి లేరండీ అంటే, మీరైనా నేనైనా ఏమనుకుంటాం?

ఎనిమిదీ పావుకి గేటు ముందు ఆటో ఆగింది. ముందు డ్రైవరు దిగాడు. ముప్పై నాలుగేళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి, ఆజానుబాహువు, చేతిలో పూలదండ. దాని చివర నల్ల రిబ్బను. వెనక టీచరమ్మ, కళ్లు ఎర్రగా. అరుగు మీద తువ్వాలుతో కూర్చున్న గడియారాలాయన్ని చూసి ఇద్దరూ మధ్యలో ఆగిపోయారు.

"బావా" అన్నాడు డ్రైవరు. "ఉన్నావా?"

"ఉండక?"

"మరి... ఎత్తింది?"

ఇంతలో చెల్లెలు బయటికొచ్చింది. "ఎవరండీ? ఆ దండ ఎవరికి?"

డ్రైవరు దండకేసీ గడియారాలాయనకేసీ చూశాడు. "ఈయనకేనమ్మా."

"ఎందుకు?"

"ఎందుకంటే..."

"ఇవాళ ఆయనకి డెబ్బై నిండాయి కదమ్మా" అంది టీచరమ్మ చప్పున. బల్ల మీద అందరి పుట్టినరోజులూ ఆవిడకి కంఠతా వచ్చు. డ్రైవరు ఊపిరి పీల్చుకుని దండ తీసుకెళ్లి గడియారాలాయన మెడలో వేశాడు. చెల్లెలు నల్ల రిబ్బను పట్టుకుని చూసింది.

"ఇదేమిటి?"

"దిష్టికి" అన్నాడు డ్రైవరు.

లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఇచ్చి, కౌంటరులో అవతలి మనిషి సంతకం సరిపోల్చినట్టు ఇద్దర్నీ పరీక్షగా చూసింది.

"మా అన్నయ్య మీకు బావెలా అయ్యాడు?"

"వరసకేమీ కాదమ్మా, ఊరికే పిలుపు."

"అయితే నేను మీకేమవుతాను?"

డ్రైవరు లెక్కపెట్టుకున్నాడు. బావగారి చెల్లెలు. లెక్క తేలేసరికి చెవులు కందిపోయాయి. "చెల్లెమ్మవే. చెల్లెమ్మవే."

"మరి స్నేహం ఎక్కడ కలిసింది?"

"చదరంగం" అన్నాడు డ్రైవరు.

"సంగీతం" అంది టీచరమ్మ, అదే క్షణంలో.

గడియారాలాయన కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆడతారూ పాడతారూ అన్నమాట" అంది చెల్లెలు. "మా అన్నయ్య స్నానాల గదిలో గొంతు సవరించుకుంటేనే పక్కింటి కుక్క మొరుగుతుంది. చదరంగం మాత్రం బాగుంది. ఉండండి, మా ఆయన బోర్డు ఉండాలి." అని తెచ్చి మధ్యలో పరిచేసింది.

డ్రైవరు జీవితంలో బోర్డు ముట్టుకోలేదు. ధైర్యం చేసి ఏనుగుని ఈ మూలనుంచి ఆ మూలకి ఏటవాలుగా తోశాడు.

"ఏనుగు అలా వెళ్తుందా?"

"మలుపులో కాస్త కోసి తిప్పాలమ్మా. బండి పెద్దదైనప్పుడు."

ఆవిడ నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లింది. ఆ సందులో టీచరమ్మ వంగి, "వేసుకున్నారా?" అంది.

"సీసా గడియారంలో ఉంది."

"గడియారమెక్కడుంది?"

"అదే తెలీదు. పదకొండింటికి తెలుస్తుందట."

"ఇంకా రోజంతా ఉందిగా, మాత్ర సంగతి పర్లేదు. చెల్లెలికి చెప్పేయకూడదూ? నాలుగేళ్లనుంచి చెబుతున్నాను."

"మా ఇంట్లో ఒకసారి చెప్పి చూశానుగా" అన్నాడాయన.

"అది అన్నగారిల్లు. ఇది చెల్లెలిల్లు."

"గోడలన్నీ సున్నమే గదమ్మా."

"ఆవిడ పొమ్మంటే మా ఇంటికొచ్చేయ్ బావా" అన్నాడు డ్రైవరు. "మా కోడలికి అన్నీ తెలుసు. నా కంచం కూడా అదే కడుగుతుంది."

గడియారాలాయన వాళ్లిద్దరికేసీ చూశాడు. ఈ ఇద్దరూ తన చావు కబురు విని, ఉన్నవాళ్లు ఉన్నట్టుగా ఆటో ఎక్కి వచ్చారు. కొట్టు వెనక గదిలో ఉన్న రోజుల్లో ఆయన తరచూ అనుకునేవాడు, నేను పోతే కొట్టు ఎందుకు తెరవలేదని ఎన్నాళ్లకి ఎవరు చూస్తారో అని. ఇవాళ జవాబు తెలిసింది. ముప్పై అయిదు నిమిషాలు.

పదకొండింటికి గడియారం వచ్చింది. తెచ్చినవాడు ఎవరో కాదు, ఆయన దగ్గరే పని నేర్చుకుని రెండు వీధుల అవతల కొట్టు పెట్టుకున్న శిష్యుడు. అతనికీ యాభై దాటాయి. గోడకి తగిలించి, ముల్లు తిప్పి పదకొండు గంటలూ కొట్టించాడు. చెల్లెలి మొహం వెలిగిపోయింది. శిష్యుడు జేబులోంచి న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం తీసి రెండు చేతులతో గురువుగారి ముందుకి చాచాడు.

"లోలకం విడిగా పెట్టుందండీ. ఇది అడ్డం ఉంది. నేను చూడలేదండి" అన్నాడు తల వంచుకుని. చూశాడని ఆ వంచడంలోనే తెలిసిపోయింది.

గడియారాలాయన చెయ్యి లేవలేదు. చెల్లెలి చెయ్యి లేచింది. ముప్పై ఏళ్ల అలవాటు, ఏ పొట్లం చేతులు మారుతున్నా మీద ఏం రాసుందో చూడకుండా ఆవిడ వేళ్లు ఊరుకోవు. కాగితం విప్పింది. కళ్లజోడు సవరించుకుని చీటీ చదివింది. పోస్టాఫీసులో ఆవిడ కుర్చీ వెనక గోడకి పదేళ్లు ఒక ఆరోగ్యశాఖ పోస్టరు ఉండేది. ఆ మూడక్షరాలూ ఆవిడకి వివరించక్కర్లేదు.

గడియారం ఇన్నేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు టక్కుటక్కుమంటోంది.

"నాదే" అన్నాడు గడియారాలాయన. "ఇరవై మూడేళ్లయింది. అన్నయ్యతో నేను గొడవపడలేదు. ఇదే కారణం. వీళ్లు చదరంగమూ కాదు, సంగీతమూ కాదు. మందుల కిటికీ దగ్గర స్నేహం."

చెల్లెలు అప్పుడన్న మాట ఎవరూ ఊహించలేదు.

"అందుకా కంచం?"

"ఊ."

"నాలుగేళ్లు. నేను తోమితే నీకు జిడ్డు కనిపిస్తోందని నాలుగేళ్లుగా కుమిలిపోతున్నాను. పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను. సబ్బు మూడుసార్లు మార్చాను. అడిగితే నొచ్చుకుంటావని నోరు మూసుకున్నాను. నువ్వేమో..." సీసా బల్ల మీద పెట్టింది. టీచరమ్మకేసి తిరిగి, "కంచం వల్ల వస్తుందా?" అంది సూటిగా.

"రాదమ్మా. కంచం వల్ల, గ్లాసు వల్ల, పక్కన కూర్చుంటే, తాకితే ఏమీ రాదు. పైగా రోజూ మందేసుకుంటే వైరస్ రక్తపరీక్షలో కూడా కనపడనంత తగ్గిపోతుంది. మీ అన్నగారిది అలాగే ఉంది, ఎన్నో ఏళ్లనుంచి."

చెల్లెలు తలూపింది. "అర్థమైంది. అయినా నాకు కొంచెం భయంగా ఉంది. అబద్ధమెందుకు" అని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

గడియారాలాయన మెల్లగా లేచాడు. మంచం కింద పనిముట్ల సంచీ ఉంది, దాని పట్టీ అందుకున్నాడు. డ్రైవరు వచ్చి ఇంకో పట్టీ పట్టుకున్నాడు, మోయడానికో ఆపడానికో తనకే తెలియదు. లోపల కుళాయి శబ్దం. గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. అలమార కింది అర తలుపు కీచుమన్న చప్పుడు. ఆ కీచు ఆయనకి బాగా తెలుసు. కంచం బయటికి తీస్తోంది, కిటికీ గట్టు మీద పెట్టడానికి.

తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతుల మీద కడిగిన కంచాల దొంతర, అయిదారుంటాయి, నీళ్లు కారుతున్నాయి. అన్నీ ఒకేలాంటి స్టీలు కంచాలు. బల్ల మీద దభీమని దింపింది.

"నీదేదో తియ్యి చూద్దాం."

ఆయన చూశాడు. భూతద్దం ఉన్నా తేల్చలేడు.

"తెలీదు" అన్నాడు.

"నాకూ తెలీదు. ఇంక ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ సంచీ కింద పెట్టు, మోకాలు నొప్పంటావు మళ్లీ." లోపలికెళ్లి నీళ్ల గ్లాసు తెచ్చి ముందుకి తోసింది. అంచున చిన్న సొట్ట ఉన్న గ్లాసు. రోజూ తను తాగేది. "మాత్ర వేసుకో ముందు. మనిషివి కాదు నువ్వు, పొద్దుటినుంచి చెప్పవేం?"

గడియారాలాయన మాత్ర నోట్లో వేసుకుని, ఆ సొట్ట అంచుకి పెదవులు ఆనించి, గ్లాసంతా తాగాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు, నీళ్లు ఒలికాయన్న నెపంతో. శిష్యుడు గడియారం వైపు తిరిగి నిలబడ్డాడు, దాన్ని చూడటం అప్పుడే అవసరమైనట్టు.

అప్పుడు టైము పదకొండూ ఇరవై. ఏడున్నర కాదు. మొదట్లో నేను కొట్టిన గొప్ప ఇక్కడితో సరి. ఆ మాటకొస్తే మందులిచ్చిన తొలి ఏడాది ఎందుకీ బతుకని మూడు వారాలు కాలవలో పారేశాడు. విషజ్వరం వచ్చినప్పుడు రెండ్రోజులు మింగలేకపోయాడు. అరవై దాటాక వేసుకున్నానో లేదో గుర్తురాక గోడకేసి చూస్తూ కూర్చున్న పొద్దులు కొన్ని. నర్సమ్మ ఎప్పుడూ తిట్టలేదు, ఇవాళ్టినుంచి మళ్లీ మొదలెడదాం అనేది. ఎదురింటివాళ్లకి ఆయన గుటక వినపడదు, వాళ్ల టీవీ మోతకి వాళ్ల పిలుపే వాళ్లకి వినపడదు. మీసం సంగతంటారా, నాకు మీసం లేదు. లేదు కాబట్టే అంత ధైర్యంగా పందెం కట్టాను.

ఆ తర్వాత అంతా చిటికెలో చక్కబడిపోయిందనను. మొదటి వారం చెల్లెలు చేతులు రోజుకి ఇరవైసార్లు కడుక్కుంది. ఒకరోజు ఆయన తుమ్మితే ఉలిక్కిపడి, ఉలిక్కిపడినందుకు తననే తిట్టుకుంది. కాగితం మీద పద్నాలుగు ప్రశ్నలు వరసగా రాసుకుని ఆయనతో పాటు ఆసుపత్రికి వెళ్లి, నర్సమ్మని కూర్చోబెట్టి అన్నీ అడిగింది. పద్నాలుగోది, "ఈయన ఇంకెన్నాళ్లు బతుకుతాడు?"

"మీరెన్నాళ్లు బతుకుతారమ్మా?" అంది నర్సమ్మ.

"అదెవరికి తెలుసు?"

"ఈయనకీ అంతే."

బల్ల మీద చోటు చేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. మోకాళ్ల గురించి గంటసేపు విని, తన నడుం గురించి గంటన్నర చెప్పింది. లేవబోతూ, "నేను బీపీ మాత్ర వారానికి మూడుసార్లు మర్చిపోతాను. ఆ రింగు నాక్కూడా వస్తుందా?" అని అడిగింది. టీచరమ్మ సభ తీర్పు చెప్పినట్టు, వస్తుందంది. ఇప్పుడు ఏడున్నరకి అన్నాచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకేసారి మింగి, ఒకరు మింగారని ఇంకొకరు చూశాకే డ్రైవరుకి రింగిస్తారు. సీసా ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. గడియారం రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. అది సరిచేయడం ఆయనకి క్షణం పని. చెల్లెలు వచ్చినవాళ్లందరికీ, "నేను బాగుచేయించాను" అని చూపిస్తుంది కాబట్టి చెయ్యి వేయడు. రోజూ పొద్దున్నే నాలుగు నిమిషాలు ముందుకి తిప్పి, ఎవరూ చూడలేదు కదా అని చూసుకుంటాడు.

కృతజ్ఞతలు చెప్పడం ఆయనకి చేతకాదు. ఆ నెల బల్ల దగ్గరికి పనిముట్లు తీసుకెళ్లి, ఏడుగురి వాచీలూ విప్పి, తుడిచి, నూనె వేసి ఇచ్చాడు. చివరి మూత బిగిస్తూ, ఎవరికీ కాకుండా అన్నాడట, "రెండేళ్లన్నాడు ఆ మహానుభావుడు. మీ అందరి పుట్టినరోజులు గుర్తుపెట్టుకోడానికే నాకు అయిదేళ్లు పట్టింది."

ఒకటి చెప్పి ఆపేస్తాను. దండ సంగతి నేను కల్పించాను. పూలూ లేవు, నల్ల రిబ్బనూ లేదు. ఆ పొద్దున్న డ్రైవరు ఉత్త చేతులతో వచ్చాడు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కోడలి చెప్పు. గేటు దగ్గరే నిలబడిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గడియారాలాయన లేచి వెళ్లి, ఆ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఉన్నదున్నట్టు మొదటే చెబితే డ్రైవరు నన్ను మళ్లీ గడప తొక్కనివ్వడు. అందుకని ఆ చేతిలో ఒక దండ పెట్టాను.